వదిన ముట్టుకోని ముక్క

ఆ వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ పెద్దవదినే. సొంత మరిది ఒక్కడే. వాడు అలా పిలుస్తాడని పాలవాడూ అలాగే పిలుస్తాడు, ఆవిడకంటే వయసులో పెద్దయిన ఎదురింటి ముసలాయనా అలాగే పిలుస్తాడు. ఆవిడకి కోపం ముక్కు మీదే ఉంటుందని కూడా అందరికీ తెలుసు. అయితే ఈ మధ్య ఆ కోపం ముక్కు దిగి ఇల్లంతా తిరుగుతోంది. గిన్నెలు మోగే తీరును బట్టి పక్కింటివాళ్ళు చెప్పేస్తున్నారు, వదిన పని నుంచి వచ్చిందని.

కోపమంతా మరిది మీద. వాడుండేది మేడమీద గదిలో, తినేది కింద అన్నావదినల దగ్గర. ఆవిడ కాపురానికి వచ్చేనాటికి వాడికి చొక్కా గుండీలు వరసగా పెట్టుకోవడం కూడా రాదు. ఆవిడే దగ్గర కూర్చోబెట్టి పెంచింది. అలాంటి మరిదితో ఇప్పుడు ఆవిడ నేరుగా మాట్లాడటం మానేసింది. ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. మధ్యలో మొగుడు. ఆయన బస్సు డ్రైవరు. రోజంతా జనాన్ని అటూ ఇటూ చేరవేసి ఇంటికొస్తే ఇక్కడ మాటల్ని చేరవేసే డ్యూటీ.

“మీ తమ్ముణ్ణి ఇంకాస్త కూర వేసుకోమనండి.”

“వేసుకోరా.”

“చాలని చెప్పన్నయ్యా.”

“చాలట.”

“ఎందుకు చాలదు. పొద్దున్నుంచీ నా చేతులు తిన్నాడుగా, కడుపు నిండే ఉంటుందని చెప్పండి.”

ఈ చివరి మాట ఆయన చేరవేయలేదు. చేరవేయక్కర్లేకుండానే చేరింది. మరిది పళ్ళెంలోంచి తల ఎత్తలేదు.

ఇంతకీ మరిది చేసిన నేరం ఏమిటంటే, ఒక లోహపు ముక్కని కాస్త వాల్చకపోవడం. వినడానికి నవ్వొస్తుంది. నవ్వేముందు ఆ పని ఎలా జరుగుతుందో తెలుసుకోవాలి.

వాళ్ళిద్దరూ పనిచేసేది ఒకే షెడ్డులో. ముందు గాజు గోడల ఆఫీసు, నడిమి గదిలో మిషను, వెనక గదిలో పాలిష్ బల్లలు. మిషను మరిదిది, వెనక బల్ల వదినది. అక్కడ ముక్కల్ని పోత పోయరు, సుత్తితో కొట్టరు. గాజు తలుపు పెట్టెలాంటి ఆ మిషన్లో ఒక పలక ఉంటుంది. దానిమీద పిండికంటే సన్నటి టైటానియం పొడిని ఒక బద్ద పలచగా పరుస్తుంది. పైనుంచి లేజరు వెలుగు గీత గీస్తుంది. గీసినచోట పొడి కరిగి గట్టిపడుతుంది. దానిమీద మళ్ళీ పొడి, మళ్ళీ గీత. అలా పొర మీద పొర పడుతూ పోతే కిందనుంచి ముక్క లేస్తుంది. అంతా అయ్యాక, మట్టిలో పూడ్చిన చెంబుని తీసినట్టు, దాన్ని పొడిలోంచి తవ్వి తీస్తారు. పనిలో చేరిన కొత్తలో ఇదంతా తెలుసుకోవాలని వదిన అడిగి అడిగి మరిది ప్రాణం తోడేసింది. వాడూ విసుక్కోకుండా చెప్పాడు. ఆ రోజులు వేరు.

అలా పుట్టిన ముక్క నున్నగా ఉండదు. పైకి చూసే ముఖం ఫరవాలేదు. ఏటవాలు ముఖం మీద పొరల అంచులు మెట్లు మెట్లుగా తేలి ఉంటాయి. అసలు పీడ కిందికి చూసే ముఖంతోనే. దాని అడుగున గట్టి లోహం ఉండదు, వదులు పొడే ఉంటుంది. లేజరు వేడి ఆ పొడిలోకి దిగుతుంది, సగం సగం కరిగిన నలుసులు వచ్చి ముఖానికి అంటుకుంటాయి. పైగా ముక్క కుంగిపోకుండా అడుగున ఆసరా పుల్లలు కడుతుంది మిషను. వాటిని విరిచేస్తే మొదళ్ళు మిగులుతాయి. చెయ్యి పెట్టి చూస్తే పిల్లి నాలుకలా గీరుతుంది, పుల్లలు విరిచినచోట ఆ పిల్లి గోళ్ళు కూడా ఉంటాయి.

ఆ షెడ్డులో ఎక్కువగా చేసేవి కృత్రిమ కాళ్ళకు వేసే మోకాలి కీళ్ళు. కీలు వెనక ఒక వంపు ఉంటుంది. ఆ కాలు తొడుక్కున్న మనిషి కూర్చున్నప్పుడల్లా అది బట్టకి రాసుకుంటుంది. ఆ వంపు మీద నలుసు మిగిలితే ముందు బట్ట చిరుగుతుంది, తర్వాత రెండో కాలి చర్మం వంతు. కాబట్టి వంపు అద్దంలా ఉండాలి. మరిది ఆ ముక్కల్ని పలక మీద వెల్లకిలా పడుకోబెట్టి అచ్చు వేస్తాడు. అంటే వెనక వంపు సరిగ్గా కిందికి చూస్తుంది. గరుకంతా అక్కడే పేరుకుంటుంది.

నిలబెట్టి కాస్త వాలిస్తే ఆ వంపు గరుకు సగానికి సగం తగ్గిపోతుంది. మిగతా గరుకు, తర్వాత ఎలాగూ డ్రిల్లుతో తొలిచేసే లోపలి కన్నం వైపు పోతుంది. ఈ కిటుకు ఆవిడకి చెప్పిందీ మరిదే. అందుకే అంత మంట. తెలియక చేస్తే రెండు తిట్లు తిట్టి ఊరుకునేది. తెలిసి చేస్తున్నాడు.

మంటకి ఇంకో కారణం ఉంది. అది ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

గరుకు తీయడానికి ఆవిడ పట్టేది చేతి గ్రైండరు. పిడికిట్లో కందిరీగల తుట్టెను పట్టుకున్నట్టు ఉంటుంది దాన్ని పట్టుకుంటే. వంపు ఎంత గరుకైతే దాన్ని అంతసేపు పట్టాలి. ఆ తర్వాత ఎమరీ కాగితంతో రుద్దాలి, ఆ తర్వాత మెరుపు కోసం గిర్రున తిరిగే గుడ్డ చక్రానికి ఆనించాలి. గ్రైండరు అదురు మెల్లగా వేళ్ళలో చేరింది. మొదట తిమ్మిర్లు. తర్వాత చల్లటి నీళ్ళు తగిలితే చాలు, వేళ్ళ కొనలు సుద్దముక్కల్లా పాలిపోవడం. ఇప్పుడు కుడిచేతి వేళ్ళకి ఏది ముట్టుకున్నా ఒకటే. గోడా గుడ్డా తేడా తెలియదు.

షెడ్డులో నునుపు కొలిచే సూది మిషను ఒకటుంది. కానీ అది గంపకి ఒక్క ముక్కనే చూస్తుంది. ప్రతి ముక్కనీ తడిమి సరే అనవలసినవి ఆవిడ వేళ్ళే. ఆ వేళ్ళు చచ్చిపోయాయని తెలిస్తే బల్ల దగ్గరనుంచి లేపేస్తారు. ఆ బల్ల ఆవిడకి ఊరికే రాలేదు. అందుకని నోరు కుట్టేసుకుంది. ముక్కని చెంపకి ఆనించి చూసుకోవడం నేర్చుకుంది. చెంపకి అబద్ధం తెలియదు, ఎంత చిన్న నలుసైనా పట్టేస్తుంది.

ప్యాకింగు చేసే ఆవిడ కళ్ళు ఊరుకుంటాయా. “ఏంటొదినా, ముక్కల్ని ముద్దులాడుతున్నావు? ఇంట్లో అన్నయ్యనెప్పుడైనా ఇంత ప్రేమగా చూశావా?”

“మీ అన్నయ్య ఇంత నున్నగా గడ్డం గీసుకుంటే చూసేదాన్నే,” అని నవ్వించి తప్పించుకుంది.

ఇంట్లో మాత్రం చెంప ఎందుకూ కొరగాలేదు. ఒక పొద్దున కూతురికి జడ వేస్తోంది. చిక్కు ఎక్కడుందో వేళ్ళకి తెలియలేదు, దువ్వెన బలంగా లాగేసింది. పిల్ల కెవ్వుమంది. “చూడకుండా పీకేస్తున్నావమ్మా, నాది నేనే వేసుకుంటా,” అని దువ్వెన లాక్కుని అద్దం దగ్గరికి పోయింది. వదిన చేతులు గాల్లోనే ఉండిపోయాయి. ఆ పూట గిన్నెలు ఎన్నడూ లేనంత గట్టిగా మోగాయి.

మరిదిని అడగలేదా అంటే, అడిగింది. మొదట మంచిగా అడిగింది. మణికట్లు లాగుతున్నాయిరా, ఆ ముక్కల్ని కాస్త నిలబెట్టి వాల్చరా అంది. నిలబెడితే ముక్క ఎత్తవుతుంది, ఎత్తయితే పొరలు ఎక్కువవుతాయి, మిషను ఎక్కువసేపు తిరగాలి, ఓనరు ఒప్పుకోడు అన్నాడు. అడిగి చూశావా అంటే, ఎప్పుడో అడిగానన్నాడు. ఏమన్నాడు అంటే నీళ్ళు నమిలాడు. మళ్ళీ అడగమంటే తల ఊపాడు, అడగలేదు. నోట్లో నాలుక లేని మనిషిని ఎన్నిసార్లు అడుగుతాం. ఆ రోజునుంచి వాడు ‘ఒరే’ కాకుండా ‘మీ తమ్ముడు’ అయిపోయాడు.

దువ్వెన సంగతి జరిగిన పొద్దునే వదిన సరాసరి గాజు గోడల ఆఫీసులోకి నడిచింది. ఓనరు చెడ్డవాడేం కాదు. కూర్చోండమ్మా అన్నాడు. ఆవిడ కూర్చోలేదు. ముక్కల్ని నిలబెట్టి వేయించండి అంది. ఆయన నవ్వి, వెనక అలమరలోంచి రెండు మోకాలి కీళ్ళు తీసి బల్ల మీద పెట్టాడు. రెండూ మెరిసిపోతున్నాయి.

“మీ మరిది కూడా అప్పట్లో ఇదే పట్టు పట్టాడమ్మా. ఒకటి పడుకోబెట్టి, ఒకటి నిలబెట్టి చేస్తాను, మీరే చెయ్యి పెట్టి చూడండి అన్నాడు. చూశాను. ఇవే అవి. మీరూ చూడండి. వెంట్రుకవాసి తేడా ఉందా? తేడా లేనిదానికి మిషను అంతసేపు ఎందుకు తిప్పడం?”

వదిన ఒక ముక్కని వెలుతురుకి ఎత్తి పట్టింది. గుడ్డ చక్రం చివరి గీత ఎడమనుంచి కుడికి, కిందికి జారుతూ ఉంది. రెండో ముక్క మీదా అంతే. ఎవరి జడ ముడి వాళ్ళు గుర్తుపట్టినట్టు ఆవిడ తన చేతిని గుర్తుపట్టింది. ఆ రెండు ముక్కలకీ పాలిష్ పెట్టింది తనే.

ఆవిడకి అంతా గుర్తొచ్చింది. అప్పటికి పనిలో చేరి ఎంతోకాలం కాలేదు. టెంపరరీ. ఒక సాయంత్రం మరిది రెండు ముక్కలు తన బల్ల చివర పెట్టి, పొద్దున ఓనరు వచ్చి వీటిని చూస్తాడు వదినా అని చెప్పి పోయాడు. ఓనరు వస్తున్నాడు, ముక్కలు చూస్తే గజ్జి పట్టినట్టున్నాయి. మర్నాడు అందరికంటే ముందు వచ్చి, రెండింటినీ అద్దాల్లా చేసి పెట్టింది. ఆయన చెయ్యి వేసి చూసి, ఈ చేతుల్లో ఏదో ఉందని అందరిముందూ అన్నాడు. ఆ రోజే పర్మనెంటు చేశాడు.

ఓనరుతో ఏమీ అనకుండా ముక్కల్ని బల్ల మీద పెట్టి వచ్చేసింది. అరికాలి మంట నెత్తికెక్కింది. మిషను గది గాజు తలుపుని అరచేత్తో దబదబ బాదింది. లోపల మూతికి మాస్కు కట్టుకుని పొడి జల్లిస్తున్న మరిది అదిరిపడి బయటికొచ్చాడు. ఎన్నో రోజుల తర్వాత వదిన తనతో నేరుగా మాట్లాడుతున్నందుకు ముందు సంతోషపడ్డాడు పాపం. ఆ సంతోషం ఎంతోసేపు లేదు.

“ఆ రెండు ముక్కలు ఆనాడు నా బల్ల మీద ఎందుకు పెట్టావు?”

వాడికి ఏ ముక్కలో చెప్పక్కర్లేకపోయింది. “మిషను గదిలో పొడి ఉంటుందని.”

“నాకేమని చెప్పావు?”

“ఓనరు చూస్తాడని.”

“ఎందుకు చూస్తాడో చెప్పావా?”

“లేదు.”

“చుట్టం వస్తున్నాడంటే ఇల్లు ఊడవకుండా కూర్చునే మనిషినా నేను? నీ చిన్నప్పట్నుంచీ నన్ను చూస్తున్నావు కదరా.”

“పొద్దున వచ్చి చూసేసరికి రెండూ తళతళలాడుతున్నాయి వదినా. ఏది పడుకోబెట్టిందో ఏది నిలబెట్టిందో నాకే తెలియలేదు. ఈలోపు ఆయన వచ్చేశాడు, నిన్ను మెచ్చుకున్నాడు, పర్మనెంటు అన్నాడు. అప్పుడు పోయి, అయ్యా మా వదిన తెలియక నా పని చెడగొట్టింది అని ఎలా చెప్పను?”

“ఆయనకి చెప్పొద్దు. ఇంటికొచ్చాక నాకు చెప్పొచ్చుగా?”

“ఆ సాయంత్రం నువ్వు పాట పాడుకుంటూ వంట చేశావు.”

ఆ మాటకి ఆవిడ ఒళ్ళు మరింత మండింది. వాడిని తిట్టడానికి లేకుండా వాడే చేశాడు, అదీ కోపమే. తన గొప్ప చేతులే తన వేళ్ళ మీదికి ఇది తెచ్చాయి, అదీ కోపమే. ఇన్నాళ్ళూ తాను ప్రతి ముక్కనీ అద్దం చేసి పంపుతుంటే ఆ ఆఫీసులో ఒక్కరికైనా గరుకంటే ఏమిటో ఎలా తెలుస్తుంది?

“మళ్ళీ రెండు చెయ్యి,” అంది. “ఈసారి నేను ముట్టుకోను.”

మరిది చేశాడు. ఒకటి వెల్లకిలా, ఒకటి నిలబెట్టి వాల్చి. పుల్లలు విరిచి, పొడి దులిపి, బల్ల మీద పక్కపక్కన పెట్టాడు. ఇంకొక్కసారి చూడమని అడిగితే ఓనరు పొద్దున వస్తానన్నాడు. ఆ పొద్దున వదిన పడిన యాతన అంతా ఇంతా కాదు. ముక్కలు అలా బూడిద రంగులో, నలుసులతో, ముళ్ళతో కళ్ళముందు పడి ఉంటే ప్రాణం ఉసూరుమంది. ఊడవని ఇంట్లోకి చుట్టాన్ని పిలిచినట్టు సిగ్గేసింది. తన మీద తనకే నమ్మకం లేక గ్రైండరు తీసుకెళ్ళి ప్యాకింగు ఆవిడకి ఇచ్చేసి, అడిగినా ఇవ్వొద్దంది. వచ్చి స్టూలు మీద కూర్చుని రెండు చేతులూ చంకల్లో పెట్టుకుంది.

ఓనరు వచ్చాడు. వాల్చి చేసిన ముక్క వంపు మీద బొటనవేలు నడిపాడు, ఫరవాలేదే అన్నాడు. వెల్లకిలా చేసినదాని మీద నడిపి ఠక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇంత గీరుతుందా అని నిజంగానే ఆశ్చర్యపోయాడు. మరిది ముఖం వికసించింది. అప్పుడు ఓనరు నవ్వి ఇలా అన్నాడు:

“అయితే మాత్రం ఏమైందమ్మా? ఎలా పుట్టినా మీ చేతిలో పడితే అద్దమే కదా. మీరుండగా మనకేంటి?”

పొగడ్తే. అలాంటి పొగడ్త వినే ఆనాడు పాట పాడుకుంది. ఇప్పుడు అదే మాట చెవిలో కాగిన నూనె పోసినట్టుంది. స్టూలు మీదనుంచి లేచింది. గరుకు ముక్కని అందుకుంది.

“నేనుంటే ఏంటండీ? నేనున్నాననేగా ఇన్నాళ్ళూ వాణ్ణి ఇలా పడుకోబెట్టి వేయించారు. ఇది చూడండి. ఈ మూల చూడండి. ఇదంతా గీకాలి. ఒకటి గీకితే ఇంకోటి, అది గీకితే ఇంకోటి,” అంటూ ఆ వంపు మీద వేళ్ళని అటూ ఇటూ రాస్తూనే ఉంది. మాట మాటకీ ఒత్తి రాస్తోంది. ఓనరు మాట వినడం మానేసి ముక్కనే చూస్తున్నాడు. వినడం లేదని ఆవిడ గొంతు ఇంకాస్త పెంచింది.

“వదినా,” అన్నాడు మరిది. “చెయ్యి చూసుకో.”

చూసుకుంది. బూడిద రంగు ముక్క ఎర్రగా ఉంది. విరిచిన పుల్ల మొదలు ఒకటి చూపుడువేలిని నిలువునా చీల్చింది. రక్తం మణికట్టు దాకా కారింది. ఆవిడకి చీమ కుట్టినంత కూడా తెలియలేదు.

“ఇంత తెగితే మీకు తెలియలేదా?” అన్నాడు ఓనరు.

అబద్ధమాడే వీలుంది. కోపంలో తెలియలేదంటే సరిపోయేది, ఎవరైనా నమ్మేవాళ్ళు. మరిది వంక చూసింది. వాడి ముఖం తెల్లబోయి ఉంది. చెప్పకుండా దాచిపెట్టిన మాట ఏం చేస్తుందో ఈ మధ్యనే చూసింది.

“తెలియలేదు,” అంది. “ఈ వేళ్ళు చచ్చిపోయాయి. మీరు పడుకోబెట్టి పంపిన ముక్కలే చంపాయి. చెంపతో చూసి పంపుతున్నాను ఇన్నాళ్ళూ. లేపేస్తే లేపెయ్యండి. లేపేసి నా బల్ల దగ్గర ఇంకొకత్తెని కూర్చోబెట్టి ఆవిడ వేళ్ళు కూడా తినండి.”

ఓనరు తన బొటనవేలి మీద గీరుకున్నచోటు నలుపుకున్నాడు. తర్వాత మరిదితో, ఇకనుంచి వాల్చే వెయ్యి, ఎంతసేపు పడితే అంతసేపు పట్టనీ అన్నాడు. ఆవిడతో, ముందు ఆ వేలికి కట్టు కట్టించుకోండి, గ్రైండరు మాత్రం మళ్ళీ ముట్టుకోవద్దు అన్నాడు. ఎవరూ ఎవరికీ క్షమాపణలు చెప్పలేదు. చెప్తే ఆవిడ వినే స్థితిలోనూ లేదు.

డాక్టరు వేళ్ళు ఒక్కొక్కటే నొక్కి చూసి, అదురు ఆపేస్తే కొంత స్పర్శ తిరిగి రావచ్చు, ఎంత వస్తుందో చెప్పలేనన్నాడు. చేతులు వెచ్చగా ఉంచుకోమన్నాడు. ఆవిడ ఆయన మీదా విసుక్కుంది, ఎందుకు చెప్పలేరని. షెడ్డులో ఆవిడని సూది మిషను దగ్గర కూర్చోబెట్టారు. సూది ముక్క మీద నడిచి అంకె చూపిస్తుంది. ఆవిడ ఆ అంకెని చూసి, మూతి తిప్పి, ముక్కని చెంపకి ఆనించి, అప్పుడు సరే అంటుంది. గ్రైండరు పని ఇద్దరు మనుషులు మార్చి మార్చి చేస్తున్నారు. ఎక్కువసేపు పట్టేది కాదు కూడా, ముక్కలు మునుపటంత గరుకుగా లేవు. తన పాత బల్ల వైపు చూసినప్పుడల్లా ఆవిడకి కోపం మళ్ళీ మొదటికొస్తుంది.

వేలు తెగిన సాయంత్రం భోజనాల దగ్గర కూతురు వడ్డించింది. వదిన కుడిచేతికి కట్టు. ఎడమచేత్తో చెంచా పట్టుకుని, పళ్ళెంలో కూరని పొడుస్తోంది తప్ప తినడం లేదు. మొగుడు ఒక చూపు ఇటు, ఒక చూపు అటు వేసి, మొదటి మాట ఎటునుంచి వస్తుందా అని సిద్ధంగా కూర్చున్నాడు.

“ఏరా,” అంది వదిన.

ముగ్గురూ తల ఎత్తారు.

“నా పాట ఒక్క పూట ఆగిపోతే కొంపలేం మునిగేవి కావు. ఆ సాయంత్రం చెప్పి ఉంటే మూడు రోజులు నీతో పోట్లాడేదాన్ని, నాలుగో రోజు వెళ్ళి ఆయనతో పోట్లాడేదాన్ని. ఈపాటికి దీని జడ నేనే వేసేదాన్ని. నా మీద జాలిపడి నన్ను ఇలా చేశావు. ఇంకోసారి నా మీద జాలిపడితే మేడ దిగనివ్వను.”

మరిది కళ్ళు తుడుచుకోబోయి, చెయ్యి ఎంగిలి అని గుర్తొచ్చి, భుజానికేసి రుద్దుకున్నాడు. కూతురు తన కుర్చీని అమ్మ కుర్చీకి ఆనేలా జరుపుకుంది. ఎవరూ చూడలేదనుకుని, కట్టు లేని ఆ ఎడమచెయ్యి పక్కన తన చెయ్యి పెట్టింది.

“వాడికేమన్నా చెప్పాలా నేను?” అన్నాడు మొగుడు, అలవాటు చొప్పున.

“మీరేం చెప్పక్కర్లేదు, తినండి,” అని కూర గిన్నెని ఎడమచేత్తో మరిది ముందుకి తోసింది. గిన్నె మాత్రం గట్టిగానే మోగింది.